కింద నలుపు, పైన నెమలికంఠం: కోణాన్ని బట్టి మారే రంగులు వేయడం ఎలా

కలర్ షిఫ్ట్ పొడి, అంటే పెయింట్‌లో కలిపితే చూసే కోణాన్ని బట్టి రంగు మార్చే పొడి, సీసా మూత తీయగానే చాలామందికి నిరాశే కలుగుతుంది. ఫోటోలో ఊదా, నీలం, ఆకుపచ్చ ఒకదానిలోకి ఒకటి జారిపోతూ కనిపించిన సరుకు, చేతికొచ్చాక బూడిదకు కాస్త మెరుపు అద్దినట్టు ఉంటుంది. మోసపోయామనుకుని పక్కన పడేయకండి. నల్లటి ప్లాస్టిక్ మూత ఏదైనా ఉంటే దానిమీద చిటికెడు పొడి వేసి, వేలితో పలచగా రుద్ది, కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. అప్పుడు కనిపించేదే దాని అసలు రంగు.

పని మొత్తం ఆ చిన్న పరీక్షలోనే ఉంది. పొడి పలచగా పరుచుకోవాలి, కింద నున్నటి నలుపు ఉండాలి, వస్తువుకి ఒంపు ఉండాలి, వెలుగు ఒక పక్కనుంచి పడాలి. ఈ నాలుగూ కుదిరితే సాదాసీదా పొడితో కూడా పని బాగా వస్తుంది. కుదరకపోతే ఎంత మంచి పొడి అయినా మాసిపోయిన వెండిలా మిగిలిపోతుంది. అందుకే రంగు కొట్టడం గురించి చెప్పేదానికంటే, దానికి ముందు చేయాల్సిన చాకిరీ గురించే ఇక్కడ ఎక్కువ చెప్పబోతున్నాను.

రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది

ఇది తెలియకపోయినా పెయింట్ వేయొచ్చు. కానీ తెలిస్తే సగం తప్పులు జరగవు, కాబట్టి ఓపిగ్గా చదవండి.

మామూలు ఎర్ర పెయింట్‌లో ఉన్న పదార్థం మిగతా రంగుల వెలుగును మింగేసి ఎరుపును మాత్రం వెనక్కి పంపుతుంది. ఎటునుంచి చూసినా ఎరుపే. మన పొడి అలా పనిచేయదు. ఇది సబ్బు బుడగ, నీళ్ళమీద తేలే నూనె తెట్టె, నెమలి ఈక, పావురం మెడ కోవకు చెందింది. పలచటి పొర పైముఖం నుంచి కొంత వెలుగు, అడుగుముఖం నుంచి కొంత వెలుగు వెనక్కి వస్తాయి. ఆ రెండూ కలిసినచోట కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఏది నిలుస్తుందో పొర మందం, మీరు చూసే కోణం తేలుస్తాయి. తల పక్కకు జరిపితే లెక్క మారిపోతుంది. ఏటవాలుగా చూసేకొద్దీ రంగు నీలం వైపుకు జరుగుతుంది. అందుకే చాలా జతల్లో ఎరుపు బంగారంగా, ఆకుపచ్చ నీలంగా, నీలం ఊదాగా మారుతుంటాయి.

ఈ పొరను గాల్లో బుడగలా నిలపలేం కాబట్టి సన్నటి రేకుల మీద ఎక్కిస్తారు. అందరికీ దొరికే ముత్యపు మెరుపు పొడుల్లో ఆ రేకు అభ్రకం, దానిమీది పొర టైటానియం డయాక్సైడ్. పొర సుమారు 50 నానోమీటర్లు ఉంటే వెండి రంగు వస్తుంది. మందం పెంచుతూ పోతే బంగారం, ఎరుపు, నీలం వరుసగా వచ్చి, 150 దగ్గరికి చేరేసరికి ఆకుపచ్చ వస్తుంది. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు ఉంటాయి. అంటే ఇక్కడ రంగులన్నీ మందంలో తేడాలే తప్ప, సీసాలో ఎరుపు పదార్థం, నీలం పదార్థం అంటూ ఏవీ లేవు.

అయితే టైటానియం డయాక్సైడ్ వెలుగును బాగా వంచేస్తుంది. మీరు ఎంత పక్కకు జరిగినా పొర లోపల వెలుగు దారి పెద్దగా మారదు. అందుకే అభ్రకం పొడులు మెరుస్తాయి గానీ నిజంగా రంగు మార్చేది తక్కువ. ఒక రంగు వెలిగి ఆరిపోతుంది, అంతే. ఊసరవెల్లిలా మారే పొడుల్లో మధ్య పొరను వెలుగును తక్కువగా వంచే పదార్థంతో చేస్తారు. బాగా పేరున్న రకంలో నడుమ అల్యూమినియం, దానికి రెండువైపులా మెగ్నీషియం ఫ్లోరైడ్, ఆ పైన వెలుగు దూరేంత పలచగా క్రోమియం, మొత్తం అయిదు పొరలు ఉంటాయి. అన్నీ కలిపినా రేకు మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ. ఇదే కుటుంబానికి చెందిన సిరాను కరెన్సీ నోట్ల మీద దొంగనోట్ల బెడద తగ్గించడానికి వాడతారు. 1996లో వచ్చిన అమెరికా 100 డాలర్ల నోటు మీది అంకె వంచితే ఆకుపచ్చ నుంచి నలుపుకు మారేది. 2013లో వచ్చిన నోటులో అది రాగి రంగు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. కార్ల మీద ఈ తరహా రంగుకు పేరు తెచ్చిన వాటిలో 1996 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా ఒకటి. ఆ రంగుకు మిస్టిక్ అని పేరు పెట్టారు.

ఏ పొడి కొనాలి

సీసా మీద ‘రంగులు మారును’ అని ఉంటే సరిపోదు. ఆ మాట కింద నాలుగైదు వేర్వేరు సరుకులు అమ్ముతారు.

పర్ల్, ఇంటర్‌ఫెరెన్స్ అని రాసి ఉంటే అది పైన చెప్పిన అభ్రకం రకం. చవక, ఏ క్లియర్‌లోనైనా (రంగులేని పారదర్శక పూతలోనైనా) కలుస్తుంది, కొత్తగా చేసేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కెమీలియన్, కలర్ షిఫ్ట్, మల్టీక్రోమ్ అని ఉండి రెండు మూడు రంగుల పేర్లు వరుసగా రాసి ఉంటే అది నిజంగా మారే రకం. ఖరీదు ఎక్కువ, కానీ వాడేది కొద్దిగానే. హోలోగ్రాఫిక్ అంటే రేకుల మీద సన్నటి గాడులు ఉండి ఇంద్రధనుస్సు చిమ్మే రకం. ఎండలో కళ్ళు చెదిరేలా ఉంటుంది, నీడలో మామూలు వెండి రంగే.

థర్మోక్రోమిక్ అని ఉంటే మాత్రం ఆగండి. అది వేడికి మారే రంగు, కోణానికి కాదు. బజారులో ఎక్కువగా దొరికేవి 31 డిగ్రీల సెల్సియస్ దగ్గర మారేవి, అంటే వేలు పెడితే మారతాయి. సరదాగానే ఉంటుంది గానీ ఎండలో తొందరగా చచ్చిపోతుంది. ఫోటోక్రోమిక్ ఎండ తగిలితే రంగెక్కే రకం, అదీ మన పనికి కాదు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకటి ఆర్డర్ చేసి ఇంకోటి తెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు.

రేకు సైజు కూడా చూడండి. సీసా మీద మైక్రాన్లలో ఉంటుంది. 10 నుంచి 60 మధ్య ఉన్నవి చాలా పనులకు సరిపోతాయి. చిన్న రేకులు పట్టులా నున్నగా కనిపిస్తాయి, 100 దాటినవి మెరుపు తునకల్లా విడివిడిగా కనిపిస్తాయి. చిన్న వస్తువుకి పెద్ద రేకులు వాడితే గ్లిటర్ చల్లినట్టు చౌకబారుగా ఉంటుందని నా అభిప్రాయం.

వస్తువు ఎంపిక

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి ఒక చదునైన పెట్టె మూతకు వేశాను. రెండు రోజులు కష్టపడితే, చూసినవాళ్ళు ‘ఊదా రంగు బాగుంది’ అన్నారు. తప్పు వాళ్ళది కాదు. చదునైన మూత ఒక చోటునుంచి చూస్తే అంతా దాదాపు ఒకే కోణంలో ఉంటుంది, ఒకే రంగు కనిపిస్తుంది. అది మారాలంటే చూసేవాళ్ళు గదంతా తిరగాలి!

గుండ్రటి వస్తువులో ఆ బాధ లేదు. ఒకే చూపులో నడుమ ఒక రంగు, అంచుల దగ్గర ఇంకో రంగు కనిపిస్తాయి. లేత్ మీద తిప్పిన చెక్క వాజు, ఒంపులున్న అద్దం ఫ్రేము, గిటార్, బండి ట్యాంకు, చెక్కిన బొమ్మ, ఇవన్నీ మంచి ఎంపికలు. మొదటిసారికి చేతిలో పట్టేంత వాజు తీసుకోండి. కింది దశలన్నీ దాన్నే మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

హెల్మెట్‌కి వేద్దామని చాలామందికి ఉంటుంది. వేయకండి. కొన్ని ప్లాస్టిక్ హెల్మెట్ల పెంకు థిన్నర్ తగిలితే బలహీనపడుతుంది, ఆ సంగతి పైకి కనిపించదు. అన్నం, నీళ్ళు తగిలే పాత్రల లోపలి వైపు కూడా వద్దు.

ముందు చెంచాల మీద

అసలు వస్తువు ముట్టుకునే ముందు ఓ అరడజను ప్లాస్టిక్ చెంచాలు తీసుకోండి. చెంచా వీపు చిన్న కారు బానెట్ లాంటిది, ఒంపులో రంగు ఎలా తిరుగుతుందో చక్కగా చూపిస్తుంది. సన్నటి సాండ్ పేపర్‌తో గరుకు చేసి, నాలుగింటికి నిగనిగలాడే నలుపు, ఒకదానికి తెలుపు, ఒకదానికి ముదురు నీలం వేయండి. ఆరాక నల్ల చెంచాల్లో ఒకదానికి ఒక కోటు, ఇంకోదానికి రెండు, అలా నాలుగు కోట్ల దాకా పొడి కలిపిన రంగు వేయండి (కలిపే తీరు కింద చెప్పాను). తెలుపు, నీలం చెంచాలకూ అదే రంగు వేయండి. కాడ మీద ఎన్ని కోట్లో మార్కర్‌తో రాయండి. అన్నిటికీ సగం వరకు క్లియర్ కొట్టి, ఆ వస్తువు చివరికి ఏ గదిలో ఉంటుందో ఆ గది వెలుగులోనే చూడండి. పసుపు బల్బు కింద ఎరుపు, బంగారం వెలిగిపోతాయి, నీలం మందగిస్తుంది. తెల్లటి ఎల్ఈడీ కింద దానికి తలకిందులు.

తెల్ల చెంచా మీద ఏమవుతుందో చూడండి, అది వేరే కథ. రేకు తనకు కావలసిన రంగును వెనక్కి పంపి మిగతాదంతా కిందికి వదిలేస్తుంది. కింద నలుపు ఉంటే ఆ మిగతా వెలుగును మింగేస్తుంది, పైరంగు ఒక్కటే మిగులుతుంది. కింద తెలుపు ఉంటే ఆ మిగతా వెలుగు కూడా వెనక్కి వచ్చి పైరంగును కడిగేస్తుంది. నీలం ఇంటర్‌ఫెరెన్స్ పొడిని తెలుపు మీద వేస్తే ఒక కోణంలో నీలం మెరుపు, మిగతా కోణాల్లో లేత పసుపు ఛాయ కనిపిస్తుంది. అల్యూమినియం నడుమ ఉన్న అయిదు పొరల రేకు వెలుగును కిందికి పోనివ్వదు గానీ, రేకుల మధ్య సందులు ఉంటాయి కదా, ఆ సందుల్లోంచి అడుగు కనిపిస్తుంది. కాబట్టి దానికీ నలుపే మేలు.

నేల తయారీ

పొడి రంగు కింద ఉండే ఉపరితలాన్నే నేల అంటున్నాను. పదిలో ఏడు వంతుల శ్రమ ఇక్కడే. ఈ రంగు తప్పులను దాచదు, వాటికి లైటు వేసి చూపిస్తుంది. మామూలు పెయింట్ కింద కనిపించని గీత ఇందులో మెరుపు చారగా తేలుతుంది.

చెక్క అయితే 120 నంబరు సాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 180, 220 వరకు రండి. చెక్క ఈనెల వెంటే రుద్దండి. గుంటలకు లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ 220తో చదును చేయండి. దుమ్ము తుడిచి ప్రైమర్ రెండు కోట్లు వేయండి. ప్రైమర్ ఆరాక వాజును కిటికీ పక్కన పెట్టి, వెలుగు దాదాపు ఉపరితలానికి ఆనుకుని పడేలా తిప్పి చూడండి. అప్పటిదాకా కనిపించని గుంటలు, గీతలు అన్నీ బయటపడతాయి. మళ్ళీ లప్పం, మళ్ళీ ప్రైమర్. విసుగొస్తుంది. అయినా చేయండి. చివరగా 400 నంబరుతో రుద్దండి.

లోహమైతే తుప్పు, జిడ్డు పోగొట్టి లోహానికి తగ్గ ప్రైమర్ వేయాలి. ప్లాస్టిక్‌కు రంగు పట్టుకునే ప్రైమర్ విడిగా ఉంటుంది, అది లేకుండా వేస్తే కొన్నాళ్ళకు పొట్టులా లేస్తుంది. ఏదైనా సరే, చివరిసారి తుడిచాక వట్టి చేత్తో పట్టుకోవద్దు. వేలి జిడ్డు తగిలినచోట రంగు పట్టక చిన్న గుండ్రటి గుంటలు పడతాయి.

ఇప్పుడు నలుపు. మెరుపులేని మ్యాట్ నలుపు కాదు, నిగనిగలాడే గ్లాసీ నలుపు. కింద నేల ఎంత నున్నగా ఉంటే రేకులు అంత చదునుగా పడుకుంటాయి, అన్నీ ఒకే దిక్కుకు వెలుగును పంపుతాయి. గరుకు నేల మీద రేకులు తలోదిక్కు చూస్తాయి, రంగు చెదిరిపోతుంది. నలుపు రెండు మూడు పలచటి కోట్లు వేయండి. ఆరాక అందులో మీ ముఖం కనిపించాలి. దుమ్ము రవ్వలు పడి ఉంటే నీళ్ళతో తడిపిన 1000 లేదా 1500 నంబరు పేపర్‌తో సున్నితంగా తీసేయండి. అంతకంటే గరుకు పేపర్ వాడితే ఆ గీతలు పైకి తేలతాయి. నల్ల పెయింట్ డబ్బా మీద ఎంతసేపట్లోగా తర్వాతి కోటు వేయాలో ఉంటుంది. ఆ గడువులోపు వేస్తే రుద్దకుండానే పట్టుకుంటుంది. గడువు దాటితే 1000 నంబరుతో ఒక్కసారి మెల్లగా మెరుపు తగ్గించి వేయండి.

నలుపు బదులు ముదురు నీలం, ముదురు ఊదా, ముదురు ఆకుపచ్చ కూడా వాడొచ్చు. నీలం నేల మీద నీలం నుంచి ఊదాకు మారే పొడి వేస్తే లోతు పెరుగుతుంది, నాటకీయత తగ్గుతుంది. ఇంట్లో రోజూ కళ్ళముందు ఉండే వస్తువుకి నాకు ఇదే ఇష్టం.

కలపడం

పొడి నేరుగా అంటుకోదు, దాన్ని పట్టి ఉంచే పారదర్శక మాధ్యమం కావాలి. నల్ల బేస్ ఏ కుటుంబానిదో క్లియర్ కూడా అదే కుటుంబానిది తీసుకోండి. నీటి ఆధారిత పెయింట్ మీద ఘాటైన థిన్నర్ ఉన్నది కొడితే అడుగు ముడతలు పడొచ్చు.

100 గ్రాముల క్లియర్‌కు 2 నుంచి 4 గ్రాముల పొడితో మొదలుపెట్టండి. సీసా మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. చెంచా కొలత నమ్మొద్దు, చిన్న త్రాసు వాడండి. పొడి చాలా తేలిక, ఊపిరి తగిలినా లేస్తుంది, కాబట్టి తూచేటప్పుడే దుమ్ము మాస్కు పెట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి. ముందుగా పొడిలో కాస్త థిన్నర్, నీటి ఆధారితమైతే కాస్త నీళ్ళు, వేసి మెత్తటి ముద్దలా చేసుకుని, తర్వాత క్లియర్ కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఇలా చేస్తే ఉండలు కట్టదు.

పుల్లతో నెమ్మదిగా కలపాలి. డ్రిల్లుకి తగిలించే మిక్సర్, గ్రైండర్ వంటివి వద్దు. రేకులు విరిగితే మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. వడకట్టుకునే జల్లెడ కూడా మరీ సన్నది వాడితే పొడి అంతా జల్లెడలోనే మిగిలిపోతుంది. పెయింట్ వాళ్ళు వాడే 190 మైక్రాన్ల కాగితపు గరాటు సరిపోతుంది. రేకులు బరువుకి అడుగుకు దిగిపోతుంటాయి. స్ప్రే చేస్తున్నంతసేపూ ప్రతి కోటుకి ముందు కప్పును ఒకసారి తిప్పాలి. ఇది మర్చిపోతే మొదటి కోటులో పొడి ఉంటుంది, చివరి కోటులో వట్టి క్లియర్ ఉంటుంది.

స్ప్రే చేయడం

చిన్న వాజుకి 0.5 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్ బ్రష్ (పెన్నులా పట్టుకునే చిన్న స్ప్రే గన్) చాలు. ఫ్రేము, ట్యాంకు వంటివాటికి 1.3 లేదా 1.4 నాజిల్ ఉన్న స్ప్రే గన్ కావాలి. ఇవేవీ లేకపోతే సిద్ధంగా దొరికే కలర్ షిఫ్ట్ స్ప్రే డబ్బాలతో కూడా మంచి ఫలితమే వస్తుంది. మొదటిసారికి నిజానికి నేను వాటినే వాడమంటాను.

గన్‌ను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఉపరితలానికి ఎప్పుడూ నిటారుగా పట్టుకోండి. మణికట్టు విసిరితే నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ పడుతుంది. చెయ్యి మొత్తం కదలాలి. వస్తువు బయట ట్రిగ్గర్ నొక్కి, వస్తువు దాటాక వదలాలి. ఒక వరస మీద ఇంకో వరస కనీసం సగం పడాలి. వాజును తిరిగే పీట మీద పెట్టి, గన్‌ను పైకీ కిందికీ కదుపుతూ పీటను సమానంగా తిప్పండి. ఫ్రేము వంటిదైతే నాలుగు పక్కలూ ఒకే దిశలో, ఒకే వేగంతో కొట్టండి. రెండు పక్కల మీద చెయ్యి వేర్వేరుగా నడిస్తే ఆరాక అవి రెండు వేర్వేరు రంగుల్లా ఉంటాయి.

మొదటి కోటు వేశాక ఏమీ పడనట్టే ఉంటుంది. ఇక్కడే చాలామంది ఆత్రపడి గట్టిగా కొట్టేస్తారు. వద్దు. పలచటి కోటు ఆరుతున్నప్పుడు పొర కుంచించుకుపోతూ రేకులను కిందికి నొక్కుతుంది, అవి చాపల్లా పరుచుకుంటాయి. మందంగా తడిపితే రేకులు ఆ తడిలో ఈదుతూ, సుళ్ళు తిరుగుతూ, ఎక్కడపడితే అక్కడ గుంపులు కడతాయి. ఆరాక మబ్బు మచ్చల్లా కనిపించేది అదే. కాబట్టి పలచటి కోట్లు మూడు నుంచి అయిదు, ఒక్కోదానికీ మధ్య 10, 15 నిమిషాల విరామం. రెండో కోటుకి నలుపు మీద పొగ కమ్మినట్టు ఉంటుంది. మూడోదానికి రంగు కదలడం మొదలవుతుంది. చెంచాల మీద ఎన్ని కోట్లకు బాగుందని తేల్చుకున్నారో అక్కడ ఆపండి. ఎక్కువ కోట్లు వేస్తే ఎక్కువ మారుతుందనేమీ లేదు. నేల కప్పేశాక పై కోట్లు మెరుపును పెంచవు, గరుకునే పెంచుతాయి.

చిన్న మచ్చలు కనిపిస్తే, చివరి కోటును గన్ ఓ పది సెంటీమీటర్లు వెనక్కి తీసుకుని, వస్తువు అంతటా సన్నటి మంచులా చల్లండి. చాలావరకు సర్దుకుంటాయి. దుమ్ము రవ్వ పడితే మాత్రం సాండ్ పేపర్ తీసుకోవద్దు. రంగు పొరను రుద్దితే రేకుల పైపొరలు చెరిగి అక్కడ శాశ్వతంగా బూడిద మచ్చ పడుతుంది.

గన్ లేకపోతే

కుంచెతో కూడా వేయొచ్చు, ఫలితం వేరుగా ఉంటుంది. రేకులు కుంచె నడిచిన దారిలో వరసకడతాయి, గీతలు తప్పవు. దాన్ని లోపంగా కాకుండా డిజైన్‌గా వాడుకోవడమే తెలివి. వాజు చుట్టూ అడ్డంగా ఒకే దిశలో లాగితే కుమ్మరి చక్రం మీద తిప్పినట్టు ఉంటుంది. గీతలు వద్దనుకుంటే మెత్తటి స్పాంజితో అద్దండి, కాస్త రాతి పొరలా వస్తుంది. ఆరడం నెమ్మదించే గ్లేజ్ మాధ్యమం కలిపితే చేతికి కొంచెం సమయం దొరుకుతుంది.

గోడల సంగతి. గోడ మొత్తానికి ఊసరవెల్లి రంగు వేయమని నేను ఎవరికీ చెప్పను. గోడ చదును, రోలర్ అతుకులు కిటికీ వెలుగులో చారలుగా కనిపిస్తాయి, మారేదీ తక్కువే. దానికంటే ఒక మంచి ఉపాయం ఉంది. తెల్ల గోడ మీద స్టెన్సిల్ పెట్టి ఇంటర్‌ఫెరెన్స్ పొడి కలిపిన క్లియర్‌ను ఫోమ్ రోలర్‌తో పలచగా వేయండి. ఎదురుగా నిలబడితే లతలూ పువ్వులూ దాదాపు కనిపించవు. గదిలో నడుస్తుంటే, కిటికీ వెలుగు సరైన కోణంలో పడినచోట ఒక్కసారిగా నీలంగానో బంగారంగానో వెలిగి, రెండడుగులు వేసేసరికి మాయమవుతాయి. ఇంట్లోకి వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి మళ్ళీ చూస్తారు. ముదురు రంగు గోడ మీద అదే స్టెన్సిల్ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, అది ఇంకో రకం అందం.

క్లియర్ కోట్

రంగు పొర ఆరినప్పుడు కాస్త పొడిబారినట్టు, ఎదురుచూసినంత లేదే అన్నట్టు ఉంటుంది. క్లియర్ పడ్డాకే లోతు వస్తుంది. నిగనిగలాడే గ్లాసీ క్లియర్ వాడండి. మ్యాట్ క్లియర్ వెలుగును చెదరగొడుతుంది, ఇన్ని రోజుల కష్టం మీద దుప్పటి కప్పినట్టే. నూనె ఆధారిత వార్నిష్‌లు కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతాయి, నీలం, ఊదా రంగుల మీద అది బాగా తెలిసిపోతుంది. అక్రిలిక్ క్లియర్ మంచిది. ఎండ తగిలే వస్తువైతే యూవీని ఆపే రకం చూసుకోండి.

మొదటి క్లియర్ కోటు చాలా పలచగా వేయండి. ఒకేసారి తడిసిపోయేలా కొడితే అందులోని ద్రావకం కింది పొరను మళ్ళీ కరిగించి, పడుకున్న రేకులను లేపుతుంది. పావుగంట ఆగి రెండోది, మూడోది కాస్త నిండుగా వేయొచ్చు. పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు తడి పేపర్‌తో రుద్ది పాలిష్ పడితే అద్దంలా వస్తుంది. ఒంపుల కొసల దగ్గర క్లియర్ పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి ఆపుకోండి.

రెండు భాగాలు కలిపి వాడే పాలీయురెథేన్ క్లియర్, అంటే గట్టిపరిచే ద్రవం విడిగా వచ్చే రకం, మెరుపులోనూ మన్నికలోనూ అన్నిటికంటే పైన ఉంటుంది. కానీ ఆ గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం రావొచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. మామూలు మాస్కు దానికి చాలదు, బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకుండా ఇంట్లో చేయొద్దు, ఆ ఒక్క కోటూ బండ్లకు రంగు వేసే వర్క్‌షాపులో వేయించుకోండి. మామూలు థిన్నర్ పెయింట్లకైనా ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్ ఉండకూడదు.

తేడా వస్తే

రంగు మారడం లేదంటే మొదట వెలుగును అనుమానించండి. గది అంతటా సమానంగా పరుచుకున్న వెలుగులో ఏదీ మారినట్టు కనిపించదు. ఒక చిన్న స్పాట్ లైటు పక్కనుంచి వేసి చూడండి. అప్పుడూ మారకపోతే నేల నలుపు సరిపోలేదు, లేదా మీ దగ్గరున్నది అభ్రకం పొడి. మబ్బు మచ్చలు తడి ఎక్కువై వచ్చినవి. సన్నటి మెరుపు గీతలు నేల గరుకు వల్ల వచ్చినవి. ఈ రెండింటికీ మందు ఒకటే. ఆరనిచ్చి, రుద్ది, మళ్ళీ నలుపు నుంచి మొదలుపెట్టాలి.

గీరుకుపోయినచోట టచప్ చేద్దామని ప్రయత్నించకండి. ఎంత జాగ్రత్తగా వేసినా ఆ చుక్కలో రేకులు వేరే తీరుగా పడుకుంటాయి. ఎదురుగా చూస్తే కలిసిపోయినట్టే ఉంటుంది, పక్కకు జరగగానే అతుకు వేసినట్టు తేలుతుంది. ఆ పక్క మొత్తం మళ్ళీ వేయాల్సిందే.

మిగిలిన రంగు

కలిపిన మిశ్రమం మిగిలితే, అది నీటి ఆధారితమైనదీ, పొడిలో అల్యూమినియం ఉన్నదీ అయితే బిగుతు మూత పెట్టి దాచొద్దు. తగిన రక్షణ పూత లేని అల్యూమినియం నీటితో కలిసి నెమ్మదిగా హైడ్రోజన్ వాయువును వదులుతుంది. నా అలమరాలో ఒక సీసా మూత బొద్దుగా ఉబ్బి కూర్చుంటే, అది ఏమిటో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. కాబట్టి ఏ రోజుకి కావలసింది ఆ రోజే కలుపుకోండి. పొడిని మాత్రం పొడిగానే, తేమ తగలకుండా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఆ చెంచాల్లో మీరు చివరికి ఎంచుకున్నదాన్ని పారేయొద్దు. దాని కాడ మీద పొడి పేరు, 100 గ్రాములకు ఎన్ని గ్రాములు కలిపారు, ఎన్ని కోట్లు, ఏ నలుపు, ఏ క్లియర్ అన్నది రాసి పొడి సీసాకే కట్టి ఉంచండి. ఆరు నెలల తర్వాత ఆ వాజుకి జతగా ఇంకోటి చేయాలనిపించినప్పుడు ఆ చెంచా లేకపోతే మళ్ళీ మొదటినుంచీ వెతుక్కోవాల్సి వస్తుంది.